ఎం35ఏ2 ట్రక్కుకి వేరే బెడ్ బిగించడం: వెల్డింగ్ వద్దు, కర్ర తీసెయ్యొద్దు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. మీరూ మీ బావగారూ కలిసి డాలస్ బయట ఉన్న పొలం పనికి పాత అమెరికన్ ఆర్మీ ట్రక్కు, ఎం35ఏ2, కొన్నారు. దాని బెడ్, అంటే వెనక సామాను వేసే తొట్టి, నేల తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆర్మీ వదిలేసిన సామాను అమ్మే సర్‌ప్లస్ యార్డులో వేరే ట్రక్కు నుంచి తీసిన బెడ్ ఒకటి దొరికింది. పాత బెడ్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉన్న కర్రలు చివికిపోయాయి కాబట్టి వాటిని తీసేసి, కొత్త బెడ్‌ని నేరుగా ఛాసిస్ మీద పెట్టి నాలుగు మూలలా వెల్డ్ చేద్దామని మీకు తెలిసిన వెల్డర్ అన్నాడు. అలా చెయ్యొచ్చా, క్రేన్ లేకుండా బెడ్ ఎలా దించాలి, దీనికి బదులు ఎం105 ట్రైలర్ బెడ్ పెడితే ఏమవుతుంది అన్నవి మీ మూడు ప్రశ్నలు.

వెల్డ్ మాత్రం చెయ్యకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు, ఈ ఒక్క పని జరగకుండా ఆపండి. వెల్డర్ మంచివాడే అయి ఉండొచ్చు, చెయ్యి బాగా తిరిగినవాడే అయి ఉండొచ్చు. ఇక్కడ తప్పు వెల్డింగ్ నాణ్యతలో లేదు. గట్టిగా అతుక్కున్న కొద్దీ నష్టం ఎక్కువ.

ఎందుకో చెబుతాను. ఈ ట్రక్కు ఛాసిస్ నిచ్చెన లాంటిది. 'సి' ఆకారంలో రెండు పొడుగు పట్టాలు, వాటిని కలుపుతూ అడ్డ పట్టీలు. గతుకుల్లో ఒక చక్రం పైకి లేచి, మూలగా ఉన్న ఇంకో చక్రం గోతిలోకి దిగినప్పుడు ఆ నిచ్చెన మొత్తం మెలి తిరుగుతుంది. అలా తిరగాలనే దాన్ని తయారు చేశారు. ఊళ్ళో నవారు మంచం గుర్తు తెచ్చుకోండి. ఎగుడుదిగుడు నేల మీద వేస్తే పట్టెలు కాస్త మెలి తిరిగి నాలుగు కోళ్ళూ నేలకి ఆనతాయి. అదే మంచం మీద మందపాటి బల్ల పరిచి నాలుగు మూలలా మేకులు దిగ్గొడితే ఒక కోడు గాల్లోనే ఉండిపోతుంది, లేదా పట్టె చీలుతుంది. ట్రక్కులోనూ అంతే. స్టీలు బెడ్ ఒక పెట్టె లాంటిది, అది మెలి తిరగదు. దాన్ని ఛాసిస్‌కి నాలుగు మూలలా కట్టేస్తే ఛాసిస్ కూడా తిరగలేదు. ఆ బలమంతా వెల్డ్ చివర్ల దగ్గర చేరుతుంది. అక్కడ సన్నటి చీలిక మొదలవుతుంది. పొలం దారిలో తిరిగే బండికి అది ఎన్నాళ్ళో ఆగదు.

నేను కొన్న ఎం35ఏ2కి అంతకుముందు ఎవరో సరిగ్గా ఇదే పని చేసి ఉంచారు. బయటికి చూస్తే చక్కగా రంగు వేసి ఉంది. క్యాబ్ వెనక, బెడ్ ముందు మూల దగ్గర ఎడమ పట్టా పై అంచులో గోరంత గీత కనిపించింది. రంగు గీరి, వైరు బ్రష్ కొట్టి చూస్తే అది పై అంచు దాటి నిలువు ముఖంలోకి రెండు అంగుళాలు దిగి ఉంది. బండి అమ్మినవాళ్ళ మీద కోపం వచ్చింది. ఆ మాట అటుంచితే, ఆ చీలికని ఆపి, లోపల పలక వేసి బాగు చేయించడానికి అయిన ఖర్చు, కొత్త కర్ర, కొత్త స్ప్రింగులు, కొత్త బోల్టులకయ్యే దానికి ఎన్నో రెట్లు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు ఏం చేశారో చూడండి. బెడ్ కింద రెండు పొడుగు స్టీలు దూలాలు ఉంటాయి. అవి ఛాసిస్ పట్టాల మీద కూర్చుంటాయి, మధ్యలో గట్టి కర్ర. వెనక వైపు బోల్టులు గట్టిగా బిగుసుకుని ఉంటాయి. ముందు వైపు బోల్టులకి స్ప్రింగులు ఉంటాయి. ఛాసిస్ మెలి తిరిగినప్పుడు ముందు మూల ఒకటి ఆ స్ప్రింగుని నొక్కుకుంటూ కొద్దిగా పైకి లేస్తుంది, దారి చదునైతే మళ్ళీ కూర్చుంటుంది. బెడ్ వెనక పట్టుకుని ఉంటుంది, ముందు ఊపిరి తీసుకుంటుంది. ఆ స్ప్రింగులు తుప్పు పట్టాయని తీసి పారేసి, వాషర్లు వేసి బిగించేసిన బళ్ళు చాలా చూశాను. అది కూడా వెల్డింగ్ అంత పనే.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. అక్కడ కూడా ఛాసిస్ మీద ముందు కర్ర పడాలి, ఆ తర్వాతే బాడీ. యూ బోల్టులతో బిగించేవాళ్ళు. ఛాసిస్ పట్టాకి కొత్త కన్నం వెయ్యాలంటే నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. కుర్రాణ్ణి, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. టెక్సస్ వచ్చి ఈ మిలటరీ బండి కింద పడుకుని చూసినప్పుడు అదే పద్ధతి కనిపించి నిజంగా సంతోషం వేసింది.

కర్ర సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. కర్ర మూడు పనులు చేస్తుంది. స్టీలు మీద స్టీలు రాసుకుని అరగకుండా ఆపుతుంది. పట్టా మీద ఉన్న రివెట్ తలలు, చిన్న ఎత్తుపల్లాలు తనలో కలుపుకుని బరువుని పొడుగునా సమంగా పంచుతుంది. బెడ్‌ని కావలసిన ఎత్తులో ఉంచుతుంది. ఈ మూడోది మర్చిపోయి కర్ర తీసేస్తే బెడ్ కిందికి దిగుతుంది. వెనక చక్రాలు పూర్తిగా పైకి లేచినప్పుడు టైరుకీ బెడ్ అడుగుకీ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. చదును నేల మీద చూస్తే బోలెడు చోటు ఉన్నట్టే ఉంటుంది. కాలువ గట్టు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

అమెరికాలో దొరికే వాటిలో వైట్ ఓక్ తీసుకోండి. రెడ్ ఓక్ వద్దు. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, కానీ రెడ్ ఓక్ నాళాలు తెరుచుకుని ఉంటాయి. చిన్న ముక్క కోసి ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదితే రెండో కొస నుంచి గాలి వస్తుంది. అంటే నీళ్ళూ అలాగే పోతాయి. వైట్ ఓక్‌లో ఆ నాళాలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి తడికి ఎక్కువ కాలం నిలబడుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ప్రెషర్ ట్రీటెడ్ కర్ర చవక, కానీ దానికి పట్టించే మందులో రాగి ఉంటుంది. తడి తగిలితే ఆ రాగి స్టీలుని తినేస్తుంది. ఛాసిస్ మీద దాన్ని పరవకండి. వైట్ ఓక్‌కి లిన్సీడ్ నూనె రెండు మూడు సార్లు, ముఖ్యంగా కోసిన చివర్లకీ బోల్టు కన్నాల లోపలికీ బాగా పట్టించండి. మందం పాత కర్ర ఎంత ఉందో అంతే ఉండాలి. చివికిన చోట కాకుండా బోల్టు కింద నలగకుండా మిగిలిన చోట కొలవండి. ముందు కొసని ఒక అడుగు పొడుగునా కింది వైపు నుంచి వాలుగా చెక్కండి. లేకపోతే కర్ర ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ పట్టా మీద ఒత్తిడి ఒక్కసారిగా పడుతుంది. ఎగ్జాస్ట్ గొట్టం దగ్గరగా వెళ్ళే చోట కర్ర బదులు స్టీలు ముక్క వాడండి.

ఇక బెడ్ ఏది సరిపోతుందన్నది. ఎం35 వీల్‌బేస్, అంటే ముందు ఇరుసు నుంచి వెనక రెండు ఇరుసుల మధ్యకి దూరం, 154 అంగుళాలు, బెడ్ సుమారు 12 అడుగులు. ఎం35ఏ2సి అనే రకానికి పక్క తలుపులు కిందికి దిగే బెడ్ వస్తుంది. పొలానికి అది చాలా అనుకూలం, దొరికితే వదలొద్దు. ఎం36 ట్రక్కు ఇదే కుటుంబంలోది కానీ దాని వీల్‌బేస్ 190 అంగుళాలు, బెడ్ కూడా ఆ మేరకు పొడుగు. ఈ రెండున్నర టన్నుల ట్రక్కులకి డ్యూస్ అని ముద్దుపేరు, యార్డుల్లో అన్నిటినీ కలిపి 'డ్యూస్ బెడ్' అని అమ్ముతారు కాబట్టి టేపు పట్టుకోకుండా డబ్బు ఇవ్వకండి. 5 టన్నుల ట్రక్కు బెడ్లు కూడా దీనికి పొడుగే. పొడుగు బెడ్‌ని ఎలాగోలా కూర్చోబెడితే వెనక ఎక్కువ వేలాడి, బరువు వెనక్కి పోయి, ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోందని సంతోషిస్తాం, కానీ బండి మలుపులో మన మాట వినదు.

ఎం105 అన్నది ఒకటిన్నర టన్నుల రెండు చక్రాల ట్రైలర్. దాని బెడ్ సుమారు 9 అడుగులు. ఒక వెనక ఇరుసు తీసేసి ట్రక్కుని పొట్టిగా చేసుకునేవాళ్ళు దాన్ని వాడతారు, వాళ్ళకి అది బాగా కుదురుతుంది. మీ బండికి మూడు ఇరుసులూ ఉన్నాయి కాబట్టి మూడడుగులు ఖాళీగా పోతుంది. పైగా దాని కింది దూలాల మధ్య దూరం మీ ఛాసిస్ పట్టాలతో కలవాలి, కలవకపోతే మధ్యలో ఇంకో ఫ్రేమ్ కట్టాలి. మీకు దొరికింది అసలైన ఎం35 బెడ్ అయితే ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

పాత బెడ్ విప్పడం. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి దీన్ని దాటేసి చదవొద్దు. 1980ల మధ్య నుంచి అమెరికన్ ఆర్మీ బళ్ళకి కార్క్ అనే రంగు వేస్తూ వచ్చారు. రసాయన ఆయుధాలని తట్టుకునే రంగు అది. దాన్ని గ్యాస్ కట్టర్‌తో కాల్చినా, దాని మీద వెల్డ్ చేసినా ఐసోసయనేట్ పొగలు వస్తాయి, ఊపిరితిత్తులకి శాశ్వతంగా హాని చేస్తాయి. గ్రైండర్ పెట్టినా దుమ్ము ప్రమాదమే. కింద ప్రైమర్‌లో క్రోమియం ఉండే అవకాశమూ ఉంది. అందుకే తుప్పు పట్టిన బోల్టుని ఎర్రగా కాల్చి విప్పుదామన్న ఆలోచన వద్దు. వారం ముందు నుంచి రోజూ తుప్పు వదిలే నూనె పొయ్యండి. వదలకపోతే నట్ చీల్చే పనిముట్టు వాడండి. కొయ్యక తప్పదంటే ఆ చోట రంగుని తడిపి, మందు పూసి తీసి, సరైన రెస్పిరేటర్ పెట్టుకుని ఆరుబయట చెయ్యండి. గుడ్డ మాస్క్ చాలదు. పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి. పక్కనే డీజిల్ ట్యాంక్ ఉందన్నది కూడా గుర్తుంచుకోండి.

బ్యాటరీలు ముందే విప్పెయ్యండి. ఇది 24 వోల్టుల బండి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. స్ప్రింగ్ బోల్టులు విప్పేటప్పుడు కొద్దికొద్దిగా, రెండు వైపులా మార్చి మార్చి వదులు చెయ్యండి. స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, నట్ చివరి చుట్టులో ఎగిరి తగలొచ్చు. వెనక తలుపు, చెక్క సీట్లు, టార్పాలిన్ కమ్ములు ముందే తీసేస్తే బరువు బాగా తగ్గుతుంది.

క్రేన్ లేకపోతే ఫోర్క్‌లిఫ్ట్ అద్దెకి తీసుకోవడం తేలిక. పొడుగు ఫోర్కులు ఉన్నది కావాలి, పక్క నుంచి రెండు దూలాల కిందికీ అందాలి. అది కూడా కుదరకపోతే నేను చేసిన పద్ధతి చెబుతాను. బెడ్‌ని జాకీలతో ఒక్కో మూల రెండేసి అంగుళాల చొప్పున లేపుతూ, ఛాసిస్‌కీ బెడ్ దూలాలకీ మధ్య అడ్డంగా రెండు స్టీలు ఐ దూలాలు దూర్చాలి. అవి బండి వెడల్పు కంటే రెండు వైపులా కనీసం రెండేసి అడుగులు బయటికి రావాలి. వాటి చివర్ల కింద మందపాటి కర్ర దిమ్మెలు అడ్డం నిలువు పేర్చి నాలుగు దిబ్బలు కట్టాలి. బరువంతా దిబ్బల మీదికి వచ్చాక ట్రక్కుని మెల్లగా ముందుకి నడిపి బయటికి తీసుకోవచ్చు. బెడ్ అక్కడే నిలబడి ఉంటుంది. సిమెంటు ఇటుకలు మాత్రం దిబ్బలకి వాడకండి, చెప్పకుండా పగులుతాయి. బెడ్ బరువు టన్ను అనుకుని ప్రతి పనిముట్టూ దానికి రెట్టింపు మోసేది తెచ్చుకోండి. ఎంత బలంగా కట్టినా దాని కిందికి మనిషి వెళ్ళకూడదు, పడిన బోల్టు తీసుకోవడానికి కూడా.

బెడ్ తీశాక వచ్చే ఖాళీ ఛాసిస్‌ని చూసి తొందరపడి కొత్తది ఎక్కించెయ్యాలనిపిస్తుంది. ఒక్క శనాదివారాలు ఆగండి. మళ్ళీ ఇరవై ఏళ్ళ వరకూ ఆ చోటు మీకు కనిపించదు. పట్టాలు వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, పై అంచులూ కన్నాల చుట్టూ వెనక స్ప్రింగులు కూర్చునే బ్రాకెట్ల దగ్గరా లైటు పెట్టి చూడండి. రివెట్ తల చుట్టూ ఎర్రటి పొడి కారినట్టు ఉంటే ఆ రివెట్ లోపల కదులుతోందని అర్థం. బ్రేకు గొట్టాలు, రబ్బరు హోసులు, గాలి గొట్టాలు, వెనక లైట్ల వైర్లు ఇప్పుడే మార్చుకోండి. ముఖ్యంగా బ్రేకులు. ఈ బండికి గాలి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, అదీ ఒకే సర్క్యూట్. ఎక్కడో ఒక గొట్టం పగిలితే మొత్తం చక్రాలన్నిటికీ బ్రేకు పోతుంది. సుమారు 13,000 పౌండ్ల ఖాళీ బండి అది. ఆర్మీ 1980లలో సిలికాన్ బ్రేకు ఆయిల్‌కి, అంటే డాట్ 5కి, మారింది. మీ బండిలో ఏది ఉందో తెలుసుకోకుండా మామూలు డాట్ 3 కలపకండి, రెండూ కలవవు.

ఇప్పుడు ఎక్కించడం. కర్రలు పట్టాల మీద పరిచి, బెడ్‌ని పాత బ్రాకెట్ల మీదికే దించండి. ఎక్కడైనా కన్నాలు కలవకపోతే ఛాసిస్‌కి కొత్త కన్నం వెయ్యాలనిపిస్తుంది. పట్టా పై అంచులోనూ కింది అంచులోనూ ఎట్టి పరిస్థితుల్లో వెయ్యొద్దు, వంపు బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. బ్రాకెట్ కదల్చక తప్పదంటే నిలువు ముఖం మధ్య భాగంలో బోల్టు వెయ్యండి. లేదా యూ బోల్టు వాడండి. యూ బోల్టు వాడితే 'సి' లోపల నిలువుగా ఒక స్టీలు దన్ను పెట్టాలి, లేకపోతే బిగించగానే అంచులు లోపలికి వంగుతాయి. బ్రేకు గొట్టం ఆ దన్నుకీ బోల్టుకీ మధ్య నలగకుండా చూసుకోండి.

బెడ్ మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ ఛాసిస్ మీద గుర్తుల నుంచి కొలవండి, పావు అంగుళం లోపు తేడా ఉంటే సరే. క్యాబ్ వెనక గోడకీ బెడ్ ముందు గోడకీ మధ్య పాత ఖాళీ ఎంత ఉందో అంతే ఉంచండి. క్యాబ్ తన రబ్బర్ల మీద తను ఊగుతుంది, బెడ్ వేరుగా కదులుతుంది, రెండూ తగలకూడదు. బోల్టులు గ్రేడ్ 8వి, అంటే బాగా గట్టి రకం, లాక్ నట్లతో. వెనకవి మొదట బిగించండి. ముందు స్ప్రింగులు మాత్రం చుట్లు ఒకదానికొకటి ఆనేదాకా నొక్కకండి. చుట్ల మధ్య వెలుతురు కనిపించాలి. పూర్తిగా నలిగిన స్ప్రింగు ఉన్నా లేనట్టే. ఎంత టార్క్ అన్నది ఆర్మీ వాళ్ళ మాన్యువల్‌లో ఉంటుంది. టీఎం 9-2320-361 వరసలో 20వ నంబరుది ఈ బండికి వర్తిస్తుంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

బిగించాక నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. ముందు ఎడమ చక్రం కింద ఆరంగుళాల దిమ్మె, వెనక కుడి చక్రాల కింద ఇంకొకటి పెట్టి, బండిని వాటి మీదికి మెల్లగా ఎక్కించి, పార్కింగ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టి, ఇంజను ఆపి చూస్తాను. బండి కిందికి వెళ్ళకుండా పక్క నుంచే టార్చి వేస్తే చాలు. ముందు మూల ఒకటి కర్ర మీద నుంచి కొద్దిగా లేచి, స్ప్రింగు నొక్కుకుని కనిపించాలి. ఏమీ కదలకపోతే ఎక్కడో పట్టేసిందని అర్థం, బోల్టు వదులు చేసి వెతకాలి. అదే సమయంలో టైరుకీ బెడ్ అడుగుకీ మధ్య చెయ్యి పట్టేంత చోటు ఉందో లేదో కూడా చూసుకోండి.

మీకు దొరికిన బెడ్ నేలలో అక్కడక్కడ రేకు అతకాలంటే ఆ వెల్డింగ్ బెడ్‌కి చేయించుకోవచ్చు, వెల్డర్‌కి పని అక్కడ ఉంది. ట్రక్కు మీద ఎక్కించక ముందే, రంగు నాలుగంగుళాల మేర తీసి చేయిస్తే మంచిది. ఎక్కించాక చెయ్యాల్సి వస్తే బ్యాటరీలు విప్పి, ఎర్త్ క్లాంప్ వెల్డ్ చేసే చోటుకి పక్కనే పెట్టమనండి.

మొదటి 100 మైళ్ళ తర్వాత బోల్టులన్నీ ఒకసారి, 500 మైళ్ళకి ఇంకోసారి చూడండి. కొత్త కర్ర నలిగి సర్దుకుంటుంది కాబట్టి వెనకవి తప్పకుండా కొంత వదులవుతాయి. బరువు విషయంలో ఆర్మీ లెక్క గతుకుల్లో 5,000 పౌండ్లు, మంచి రోడ్డు మీద 10,000. పొలం దారికి మొదటి అంకెనే పట్టుకోండి. బండి కాగితాల్లో ఎస్ఎఫ్-97, అంటే ప్రభుత్వం బండి అమ్మినప్పుడు ఇచ్చే పత్రం, ఉందో లేదో ఈపాటికే చూసుకుని ఉంటారు, టైటిల్‌కి, అంటే యాజమాన్య పత్రానికి, అదే ఆధారం.

యార్డుకి వెళ్ళినప్పుడు బెడ్ కింది దూలాల మధ్య దూరం, ముందు బ్రాకెట్ నుంచి వెనక బ్రాకెట్ వరకూ దూరం, బెడ్ మొత్తం పొడుగు కొలిచి రాయండి. మీ ట్రక్కు మీద కూడా అవే కొలతలు తీసుకోండి, కానీ క్యాబ్ గోడ నుంచి కాకుండా ఛాసిస్ మీద కదలని బ్రాకెట్ ఏదైనా ఎంచుకుని అక్కణ్ణుంచి కొలవండి. ముందు స్ప్రింగ్ బోల్టుల ఫోటోలు కూడా పెడితే, వాటిలో ఏవి ఉంచొచ్చో ఏవి మార్చాలో చూసి చెబుతాను.